మిషిగన్ మంచులో కారు ఇన్సూరెన్స్: ఏ కొలిజన్ తీసుకోవాలి, పీఐపీ ఎంత పెట్టుకోవాలి

డల్లాస్ నుంచి డెట్రాయిట్ పక్కకి మారిన మొదటి ఏడాది ఇన్సూరెన్స్ కోట్ చూసి నాకు కళ్ళు తిరిగాయి. అదే కారు, అదే డ్రైవరు, ఒక్క టికెట్ కూడా లేదు, అయినా టెక్సాస్‌లో కట్టినదానికి దాదాపు రెట్టింపు. ఎక్కడైనా తగ్గుతుందేమో అని ఒక్కో లైను పట్టుకుని బేరమాడుతుంటే, ఫోన్లో ఉన్న ఏజెంటు "కొలిజన్ లిమిటెడ్‌కి మార్చేద్దామా, బాగా తగ్గుతుంది" అన్నాడు. కొలిజన్ అంటే కారు దేన్నైనా గుద్దితే మన కారు రిపేరుకి డబ్బిచ్చే కవరేజీ. అందులో లిమిటెడ్ అంటే ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

జనవరిలో ఒక పొద్దున, మా సబ్‌డివిజన్ మలుపులో, గంటకి పదిహేను మైళ్ళు కూడా లేని వేగంలో బ్రేక్ మీద కాలు పెడితే కారు ఆగలేదు. సబ్బునీళ్ళు పోసిన గచ్చు మీద చెంబు జారినట్టు నింపాదిగా పక్కకి జారుకుంటూ వెళ్ళి కర్బ్‌ని కొట్టింది. చూడటానికి పెద్ద దెబ్బలా లేదు, బంపరు మీద గీత కూడా పడలేదు, కానీ కుడివైపు ముందు చక్రం లోపలికి తిరిగిపోయి దాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ వంగింది. షాపువాడు వేసిన ఎస్టిమేట్ 3,800 డాలర్లు. క్లెయిమ్ వేస్తే తేలిందేమిటంటే, తప్పు నాదే కాబట్టి నేను కొన్న లిమిటెడ్ కొలిజన్ కింద ఒక్క డాలరు కూడా రాదు. మంచు మీద జారితే తప్పు నాదెలా అవుతుందని వాదించాను. అవుతుంది. రోడ్డు ఎలా ఉంటే అలా నడపడం డ్రైవరు బాధ్యత, అంతే. స్పీడ్ లిమిట్‌కి లోపలే ఉన్నా ఆ వాతావరణానికి అది ఎక్కువ వేగమని పోలీసు టికెట్ కూడా రాయొచ్చు. నాకు రాయలేదు, అదే అదృష్టం.

కొత్తగా ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు వస్తున్నవాళ్ళు "ఇక్కడ ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి" అని అడుగుతూనే ఉంటారు కాబట్టి, నాకు తెలిసిందంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మిషిగన్‌లో ప్రీమియం ఎక్కువ ఉండటానికి అసలు కారణం మంచు కాదు. ఉత్తరాన కివీనా ద్వీపకల్పంలో ఏటా 200 అంగుళాల దాకా మంచు పడుతుంది, 1978-79 చలికాలంలో అక్కడ నమోదైన రికార్డు 390.4 అంగుళాలు. డెట్రాయిట్‌లో పడేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా డెట్రాయిట్ సిటీలో కారు పెట్టుకున్నవాడి బిల్లుతో పోలిస్తే ఉత్తరాన హౌటన్‌లో ఉన్నవాడిది చాలా తక్కువ. ఇక్కడ ధర పెంచేది వైద్యం ఖర్చు, కోర్టు కేసులు, దొంగతనాలు, ఇన్సూరెన్స్ లేకుండా తిరిగే బండ్లు. మరి మంచు ఎక్కడ దెబ్బకొడుతుందంటే, మీరు ఎంచుకున్న కవరేజీ రకం మీద. టెక్సాస్‌లో పర్లేదు అనిపించిన పాలసీ ఇక్కడ డిసెంబరులో చేతులెత్తేస్తుంది.

చట్టం ఏం కావాలంటుందో త్వరగా చెప్పేస్తాను. మిషిగన్ నో-ఫాల్ట్ రాష్ట్రం. తప్పు ఎవరిదైనా ఎవరి గాయాలకి వాళ్ళ ఇన్సూరెన్సే డబ్బు ఇస్తుంది. తప్పనిసరిగా ఉండాల్సినవి మూడు. మన వైద్యానికి పీఐపీ, అంటే పర్సనల్ ఇంజ్యూరీ ప్రొటెక్షన్. మిషిగన్ లోపల మనం ఇతరుల ఆస్తికి చేసిన నష్టానికి పీపీఐ, అంటే ప్రాపర్టీ ప్రొటెక్షన్, ఇది 10 లక్షల డాలర్ల దాకా. మూడోది లయబిలిటీ, అంటే మన తప్పు వల్ల నష్టపోయినవాళ్ళు కేసు వేస్తే కట్టేది. ఇవి లేకుండా నడపడం ఇక్కడ చిన్న ఫైన్‌తో పోయే వ్యవహారం కాదు, నేరమే, జైలు కూడా పడొచ్చు. పైగా ఇన్సూరెన్స్ లేని సొంత కారుతో ప్రమాదంలో దెబ్బలు తగిలితే పీఐపీ కూడా రాదు.

గమనించారా, తప్పనిసరి జాబితాలో మన కారు రిపేరు ఎక్కడా లేదు. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అనుకుని తిరిగేవాళ్ళలో సగం మంది దెబ్బతినేది ఇక్కడే.

ఇంకో రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకి ఒక పట్టాన మింగుడుపడని సంగతి ఒకటుంది. మీరు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నారు, వెనకవాడు ఐస్ మీద జారి వచ్చి గుద్దాడు, తప్పు నూటికి నూరుపాళ్ళు వాడిది. టెక్సాస్‌లోనో ఒహైయోలోనో అయితే వాడి ఇన్సూరెన్స్ మీ కారు బాగుచేయిస్తుంది. ఇక్కడ చేయించదు. మీ కారు మీ కొలిజనే చూసుకోవాలి. వాడి దగ్గర నుంచి మినీ-టార్ట్ అనే పద్ధతిలో గరిష్ఠంగా 3,000 డాలర్లు రాబట్టుకోవచ్చు, అదీ మీ కొలిజన్ భరించని భాగానికే. 2020 జూలైకి ముందు ఇది వెయ్యి డాలర్లే. పార్కింగ్‌లో సరిగ్గా పెట్టి ఉన్న కారుని ఎవరైనా గుద్దితే మాత్రం వేరు, అప్పుడు వాళ్ళ పీపీఐ కట్టాలి. అంటే మీ కారు నడుస్తున్నప్పటికంటే ఆగి పార్క్ అయి ఉన్నప్పుడే దానికి రక్షణ ఎక్కువ. విచిత్రమే, కానీ రూలు అదే.

2015 జనవరి 9న మిషిగన్‌లోనే గేల్స్‌బర్గ్ దగ్గర ఐ-94 హైవే మీద ఒకేచోట 193 వాహనాలు గుద్దుకున్నాయి. మంచుతుపానులో ఏమీ కనపడక ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. వాటిలో బాణసంచా మోసుకెళ్తున్న ట్రక్కు కూడా ఉండి, అది పేలడం మొదలుపెట్టింది. అలాంటి కుప్పలో ఎవరు ఎవరిని ముందు గుద్దారో తేల్చేసరికి తాతలు దిగిరావాలి. ఎవరి పాలసీలో ఏ కొలిజన్ ఉందన్నదే అక్కడ నిలబడే ప్రశ్న.

ఇక అసలు పోలికకి వస్తే, ఇక్కడ కొలిజన్ మూడు రకాలు. మిగతా రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకి తెలిసింది రెగ్యులర్, కొందరు స్టాండర్డ్ అంటారు. తప్పు ఎవరిదైనా మీ డిడక్టబుల్, అంటే రిపేరు బిల్లులో ముందుగా మీ జేబులోంచి పోయే మొత్తం, మీరు కడతారు, మిగతాది కంపెనీ కడుతుంది. రెండోది బ్రాడ్. తప్పులో మీ వాటా సగానికి మించకపోతే డిడక్టబుల్ కూడా మాఫీ, మించితే డిడక్టబుల్ మీరు కట్టి మిగతాది వాళ్ళు ఇస్తారు. మూడోది లిమిటెడ్. తప్పులో మీ వాటా సగానికి మించకపోతేనే డబ్బు, దాటితే సున్నా.

ఇప్పుడు మంచులో జరిగే ప్రమాదాలు గుర్తుచేసుకోండి. బ్లాక్ ఐస్, అంటే కంటికి కనపడని పల్చటి మంచుపొర, మీద జారి గార్డ్‌రైలుకి, ర్యాంపు మీద తిరిగి గుంటలోకి, స్టాప్ సైన్ దగ్గర ఆగక ముందున్న కారుకి. వీటిలో చాలావాటికి ఎదుటివాడే ఉండడు, ఉన్నా తప్పు మనదే. లిమిటెడ్ సరిగ్గా ఇక్కడే చేతులు దులుపుకుంటుంది. చవగ్గా ఉండటానికి కారణం కూడా అదే, ఎక్కువగా జరిగేదాన్ని తీసేసి అరుదుగా జరిగేదాన్ని ఉంచారు. నా మటుకు నేను ఏటా చలికాలం నడిపేవాళ్ళకి లిమిటెడ్ చెప్పను. తీసుకుంటే బ్రాడ్ తీసుకోండి, లేదంటే కొలిజనే మానేయండి, మధ్యలో ఈ లిమిటెడ్ ఎందుకు? ఒక్క మినహాయింపు, కారు పాతదై, ఇంటి నుంచే పనిచేస్తూ, మంచు పడ్డ రోజు కారు తియ్యని మనిషికి అది సరిపోవచ్చు.

బ్రాడ్‌కీ రెగ్యులర్‌కీ మధ్య తేడా చాలా కోట్లలో నేను చూసినంతవరకు పెద్దగా ఉండదు, ఆరు నెలలకి కొన్ని పదుల డాలర్లు. వెనకనుంచి ఒక్కసారి ఎవడైనా గుద్దితే 500 డాలర్ల డిడక్టబుల్ మిగిలి, ఆ తేడా కొన్నేళ్ళకి సరిపడా తిరిగొచ్చేస్తుంది. రెండింటికీ కోట్ అడిగి చూడండి, మీ ఏరియాలో తేడా మరీ ఎక్కువుంటే రెగ్యులర్‌తో సర్దుకోవచ్చు.

డిడక్టబుల్ విషయంలో నేను అందరిలా "వెయ్యి పెట్టేయ్, ప్రీమియం తగ్గుతుంది" అనను. ఇక్కడ మార్చి నెల అని ఒకటుంది. పగలు మంచు కరిగి నీళ్ళు తారు కిందకి దిగుతాయి, రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతాయి, రెండు వారాలకి రోడ్డంతా గుంతలు. గుంతలో పడి రిమ్ము వంగి టైరు పగిలితే అదీ కొలిజన్ కిందకే వస్తుంది, బిల్లు 600, 700 అయితే వెయ్యి డిడక్టబుల్ ఉన్నవాడికి పైసా రాదు. అలాగని 500 ఉన్నవాడికి వచ్చే వందో రెండొందలో కోసం క్లెయిమ్ వేయడం కూడా తెలివి కాదు, రికార్డులో ఉండిపోతుంది. కాబట్టి గుంతల ఖర్చు మీ జేబులోదే అనుకుని, డిడక్టబుల్‌ని మాత్రం పెద్ద దెబ్బ తగిలిన రోజు ఇబ్బంది లేకుండా తీయగలిగినంతకి పెట్టుకోండి. లీజు కారైతే మీకు ఎంపిక పెద్దగా ఉండదు, డిడక్టబుల్ ఎంత దాటకూడదో లీజు కాగితాల్లోనే ఉంటుంది, చదవండి.

జింకలు, విరిగిపడ్డ కొమ్మలు, దొంగతనాల లాంటి నష్టాలకి డబ్బిచ్చే కాంప్రిహెన్సివ్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, పెట్టుకోండి. మిషిగన్‌లో ఏటా 50 వేలకు పైగా ప్రమాదాలు జింకలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో మరీ ఎక్కువ. జింకని గుద్దితే కాంప్రిహెన్సివ్. జింకని తప్పించబోయి చెట్టుని గుద్దితే కొలిజన్, తప్పు మీది. అందుకే ఇక్కడ పాతకాపులు "స్టీరింగ్ తిప్పకు, బ్రేక్ తొక్కు" అంటారు, ప్రాణానికీ పాలసీకీ కూడా అదే మంచిది. మంచు బరువుకి కొమ్మ విరిగి కారు మీద పడటం, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే ట్రక్కు వెనక వెళ్తే రాయి ఎగిరి అద్దం పగలడం కూడా ఇందులోకే వస్తాయి. అద్దానికి డిడక్టబుల్ లేని ఫుల్ గ్లాస్ ఆప్షన్ విడిగా దొరుకుతుంది, హైవే మీద రోజూ తిరిగేవాళ్ళకి పనికొస్తుంది. పొద్దున్నే గడ్డకట్టిన అద్దం మీద వేణ్ణీళ్ళు పోసే మహానుభావులు మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో ప్రతి ఏడూ ఒకరిద్దరు కనిపిస్తారు, దయచేసి పోయకండి.

ఇప్పుడు పీఐపీ. డబ్బు అసలు కదిలేది ఇక్కడే. 2019లో చట్టం మార్చేదాకా ప్రతివాళ్ళూ జీవితాంతం పరిమితి లేని వైద్యం కవరేజీ కొనాల్సిందే, దేశంలో అలాంటి రాష్ట్రం ఇంకోటి లేదు. 2020 జూలై 2 నుంచి ఎంచుకోవచ్చు: పరిమితి లేనిది, 5 లక్షల డాలర్లు, 2.5 లక్షల డాలర్లు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్ళకి 50 వేలది, మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఏ, బీ రెండు భాగాలూ ఉన్నవాళ్ళకి పూర్తిగా వద్దనుకునే వీలు, వీటికి ఇంట్లో మిగతావాళ్ళ కవరేజీ మీద కూడా షరతులుంటాయి. ఇవిగాక 2.5 లక్షలది తీసుకునేవాళ్ళు, తమ హెల్త్ ఇన్సూరెన్స్ కారు ప్రమాదాలకి కూడా డబ్బిస్తుంటే, పీఐపీలో వైద్యం భాగాన్ని తీసేయించుకోవచ్చు. ఉద్యోగాల్లో ఉన్న మన కుర్రాళ్ళు ఎగబడేది దీని మీదే, ఎందుకంటే బిల్లు కొట్టొచ్చినట్టు తగ్గుతుంది.

నేను దీనికి దూరంగా ఉంటాను, కారణం చెప్తా. ఇది ఉద్యోగానికి ముడిపడి ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి లేఆఫ్ వస్తే ఏమవుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు, వీసా టెన్షన్, ఇల్లు, పిల్లల స్కూలు. ఆ గందరగోళంలో హెల్త్ ఇన్సూరెన్స్ పోయిన 30 రోజుల్లోపు కారు పాలసీలో పీఐపీ వైద్యం కవరేజీ తిరిగి పెట్టించుకోవాలన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? నాతో పనిచేసిన ఒక తమ్ముడికి ఫోన్ చేసి గుర్తుచేస్తే "అన్నా, అసలు అది తీసేశానన్న సంగతే మర్చిపోయాను" అన్నాడు. మరచిపోయి గడువు దాటాక ఐస్ మీద ఏదైనా జరిగితే ఎవరూ ఆదుకోరు.

ఇంకో మాట. హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లు కడుతుంది, అక్కడితో ఆగుతుంది. పీఐపీ మాత్రం ఇంట్లో మనిషిని పెట్టుకుని చూసుకునే ఖర్చు, వీల్‌చైర్ పట్టేలా ఇల్లు మార్చుకునే ఖర్చు, సంవత్సరాల తరబడి ఫిజికల్ థెరపీ, ఇలాంటివి కూడా చూస్తుంది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళకి ఖర్చంతా ఆస్పత్రి నుంచి వచ్చాకే మొదలవుతుంది. ఇక్కడ అమ్మానాన్నలు, అత్తామామలు పక్కన లేని మనలాంటి కుటుంబాలకి ఇంట్లో చూసుకునే మనిషి అంటే జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషే.

అందుకని పిల్లలున్న ఇంటికి నా ఓటు పరిమితి లేనిదానికి. అది ఎంచుకుంటే, భారీ వైద్యం ఖర్చుల కోసం పెట్టిన నిధికి వెళ్ళే ఎంసీసీఏ అనే ఫీజు కారుకి ఇంతని పడుతుంది, ప్రతి జూలైలో మారుతుంది. 2019-20లో కారుకి 220 డాలర్లు ఉండేది, తర్వాత బాగా తగ్గింది, 2022లో మిగులు ఎక్కువైందని కారుకి 400 డాలర్లు తిరిగి కూడా పంపారు. 5 లక్షలదానికీ పరిమితి లేనిదానికీ రెండు కోట్లూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా చాలామంది ఊహించినదానికంటే తక్కువే ఉంటుంది. బడ్జెట్ అస్సలు కుదరకపోతే 2.5 లక్షలకి దిగండి, వైద్యం భాగం మాత్రం తీసేయకండి. ఇద్దరూ మంచి హెల్త్ ప్లాన్లలో, వేరువేరు కంపెనీల్లో ఉంటే తీసేయడం గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా మీ ప్లాన్ కారు ప్రమాదాల్ని మినహాయించలేదని, డిడక్టబుల్ చట్టం చెప్పిన పరిమితి లోపలే ఉందని హెల్త్ కంపెనీ దగ్గర లెటర్ రాయించుకోవాలి. ఆ పరిమితి మొదట మనిషికి 6,000 డాలర్లు, ఏటా సవరిస్తారు.

అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు ఏమిటన్నది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మిషిగన్ నివాసులు కాకుండా, పైగా ఇక్కడ తమ పేరు మీద కారు కూడా లేనివాళ్ళకి, 2019 మార్పు తర్వాత పీఐపీ వర్తించదు. మీ కారులో మీ పక్కన కూర్చున్నా సరే. కాబట్టి వాళ్ళకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌లో కారు ప్రమాదాల మినహాయింపు లేదని చూసుకుని, పరిమితి 50 వేల దగ్గర ఆపకుండా కొంచెం పైకి తీసుకోండి. చలికాలంలో రప్పించకపోవడం ఇంకా మంచిదనుకోండి, ఎలాగూ వాళ్ళు కిటికీలోంచి మంచు చూసి మూడో రోజుకే "ఎప్పుడు పంపిస్తావురా" అంటారు.

లయబిలిటీలో చట్టం ఇచ్చే డిఫాల్ట్ మనిషికి 2.5 లక్షలు, మొత్తం ప్రమాదానికి 5 లక్షలు. సంతకం పెట్టి 50 వేలు, లక్ష దాకా తగ్గించుకోవచ్చు. తగ్గించకండి. పీఐపీలో పరిమితులు వచ్చాక, ఆ పరిమితి దాటిన వైద్యం ఖర్చు కోసం తప్పు చేసిన డ్రైవరు మీద కేసు వేసే వీలు పెరిగింది, మీరు జారి ఎవరినైనా గుద్దితే ఆ డ్రైవరు మీరే. మిషిగన్ బయట చేసే ఆస్తి నష్టానికి కనీసం 10 వేలు అంటారు, శెలవుల్లో చికాగోకో టొలీడోకో వెళ్ళి ఒక కొత్త కారుని గుద్దితే అది ఏ మూలకీ రాదు. లక్షకి పెంచడానికి అయ్యేది చాలా తక్కువ. మీరు గుద్దినవాళ్ళకి మినీ-టార్ట్ కింద ఇవ్వాల్సింది కట్టే లైను కూడా అంతే, ఏడాదికి కొద్ది డాలర్లు. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే పనికొచ్చే అన్ఇన్సూర్డ్ మోటరిస్ట్ ఇక్కడ తప్పనిసరి కాదు, అడిగి పెట్టించుకోండి.

హౌటన్‌లో, మౌంట్ ప్లెజెంట్‌లో చదువుకుంటూ నలుగురు కలిసి నాలుగు వేల డాలర్లకి పాత క్యామ్రీ కొనుక్కున్న స్టూడెంట్లకి లెక్క వేరు. ఆ కారుకి కొలిజన్ దండగ, పోతే పోయింది అనుకోండి. ఆ మిగిలిన డబ్బు పీఐపీలో, లయబిలిటీలో పెట్టండి. నడిపే ప్రతివాడి పేరూ పాలసీలో ఉండాలి. "వాడు అప్పుడప్పుడే నడుపుతాడు" అని దాచిన పేరే క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

వింటర్ టైర్లు. మిషిగన్‌లో తప్పనిసరి కాదు, వాటికి డిస్కౌంటు ఇచ్చే కంపెనీ ఇక్కడ నాకు తగల్లేదు. నది దాటితే కెనడాలోని ఆంటారియోలో 2016 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు వింటర్ టైర్లకి డిస్కౌంటు ఇచ్చి తీరాలి, క్విబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి లేకుండా నడపడమే కుదరదు. డిస్కౌంటు లేకపోయినా నేను వేయిస్తాను. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళితే మామూలు ఆల్-సీజన్ టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. ఆల్-వీల్ డ్రైవ్ ఉందిగా అంటారు, అది బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. టైరు పక్కగోడ మీద కొండ బొమ్మలో మంచురవ్వ గుర్తున్న వింటర్ టైర్ల సెట్టు నాకు రిమ్ములు కాకుండా తొమ్మిది వందల్లో అయింది, నా కంట్రోల్ ఆర్మ్ బిల్లులో నాలుగో వంతు.

గుంటలో దిగిన కారుని లాగే రోడ్‌సైడ్ కవరేజీ ఇన్సూరెన్స్ ద్వారా తీసుకుంటే చవకే, కాకపోతే కొన్ని కంపెనీలు ఆ కాల్స్ కూడా రికార్డులో రాసుకుంటాయి, తీసుకునేముందు అడగండి. కారు షాపులో ఉన్నన్నాళ్ళు అద్దె కారుకి డబ్బిచ్చే రెంటల్ కవరేజీ మాత్రం చలికాలానికి వదలకండి. జనవరిలో బాడీ షాపులన్నీ నిండి ఉంటాయి, మామూలుగా వారంలో అయ్యేది నెలకి పోతుంది. నా కారు ఇరవై ఆరు రోజులు షాపులో ఉంది, మైనస్ పన్నెండులో నేను పక్కింటాయన దయ మీద ఆఫీసుకి వెళ్ళాను.

రెన్యూవల్‌కి ఇప్పుడు మూడు కంపెనీలకి ఫోన్ చేస్తాను, ముగ్గురినీ ఒకే ప్రశ్న అడుగుతాను: "పొద్దున ఏడింటికి ఐ-696 ర్యాంపు మీద నేనొక్కడినే జారి గార్డ్‌రైలుకి గుద్దాను, ఎనిమిది వేల డ్యామేజీ, మీరెంత ఇస్తారు, నేనెంత కట్టాలి?" పోయిన అక్టోబరులో ఒకాయన చాలాసేపు కీబోర్డు టకటకలాడించి, "సార్, మీకిచ్చిన కోట్‌లో అయితే ఏమీ రాదు, ఒక్క నిమిషం ఉండండి, బ్రాడ్‌కి మార్చి చెప్తాను" అన్నాడు.